ఇచ్చట నోటీసులు అంటించరాదు

మొన్న ఆదివారం పొద్దున్నే పాల ప్యాకెట్ల కోసం కిందికి దిగితే లిఫ్టు దగ్గర సార్ ఎదురయ్యారు. మా అపార్ట్‌మెంట్లో ఆయన్ని అందరం సార్ అనే అంటాం. మెదక్ వైపు జడ్పీ హైస్కూల్లో 30 ఏళ్ళు తెలుగు చెప్పి రిటైరయ్యి ఇప్పుడు నాగోల్లో కొడుకు దగ్గరుంటున్నారు. ఎప్పుడు కనిపించినా నవ్వుతారు. ఆ రోజు నవ్వలేదు.

"ఏమయ్యా, నువ్వు గూడ ఆ దిక్కే పోయినవా?" అన్నారు.

"ఏ దిక్కు సార్?"

"అదే, పార్కు తీసేసి కార్లు పెడదామంటున్నోళ్ల దిక్కు. రాత్రి నీ బ్లాగు చదివిన. నువ్వట్ల రాస్తవనుకోలేదు నేను."

నాకు బుర్ర తిరిగింది. పార్కు గురించి రాసింది నేనే, కాదనను, కానీ రాసింది సరిగ్గా దానికి ఉల్టా. మా కాలనీలో ఉన్న కాస్త ఖాళీ జాగాని పార్కింగ్ చేసేద్దామని అసోసియేషన్ మీటింగులో ఎవరో అంటే ఒళ్ళు మండి ఇంటికొచ్చి, "చేసేయండి, పార్కు అన్న మాటకి తోక తగిలిస్తే పార్కింగ్ అయిపోతుంది, బోర్డు కూడా కొత్తది కొనక్కర్లేదు, రంగు డబ్బా ఖర్చుతో పోతుంది" అని వెటకారంగా మొదలుపెట్టా. ఆ తర్వాత 12 పేరాలు ఆ చెట్ల గురించీ పొద్దున్నే అక్కడ నడిచే పెద్దవాళ్ళ గురించీ ఏడుస్తూనే ఉన్నా. అదంతా చదివిన మనిషికి నేను పార్కింగ్ పార్టీవాడిలా ఎలా కనిపించాను?

ఫోన్ చూపించండి సార్ అన్నా. కొడుకు ఈమధ్యే కొనిచ్చిన కొత్త ఫోను. అందులో బ్రౌజరు కాస్త పొడుగు పేజీ ఏది తెరిచినా పైన ఒక సారాంశం తయారుచేసి పెడుతోంది, ఎవరూ అడగకుండానే. నా పోస్టు హెడ్డింగు, దాని కింద నా పేరు, ఆ కింద నా మొదటి పేరా రావాల్సిన చోట మూడు లైన్లు. మూడో లైను ఇదీ: "కాలనీ పార్కును పార్కింగ్ స్థలంగా మారిస్తే బోర్డు ఖర్చు కూడా ఆదా అవుతుందని రచయిత సూచిస్తున్నారు." చుట్టూ కనిపించీ కనిపించని లేత బూడిదరంగు గీత, మూలన చీమంత గుర్తు. అక్షరాలు మాత్రం నా బ్లాగు అక్షరాల్లాగే ఉన్నాయి. "మిగతాది చదవండి" అన్నది నొక్కితేగానీ నేను రాసింది తెరుచుకోదు, సార్ నొక్కలేదు. ఆయన తప్పేముంది, హెడ్డింగు కింద, పేరు కింద ఉన్నది ఆ పేరుగల మనిషి రాసిందే అనుకోవడం కదా మనకి చిన్నప్పట్నుంచీ నేర్పింది, ఆయనే నేర్పారు ఇంకో రెండువేల మందికి.

ఆ రోజు నుంచీ ఇదే తిరుగుతోంది బుర్రలో. మన పేజీ మీద బ్రౌజరు చెయ్యి వెయ్యొచ్చా? నా మాట నేను ముందే చెప్పేస్తా. చదివేవాళ్ళు తమ స్క్రీన్ మీద నా పేజీని కోసుకున్నా, రంగులేసుకున్నా, తలకిందులు చేసుకున్నా నాకేం అభ్యంతరం లేదు. బ్రౌజరు మాత్రం వాళ్ళు అడక్కుండా తనంతట తాను నా వాక్యాల మధ్యలోకి రాకూడదు, వచ్చిన చోట అది నా మాట కాదని ఎవరికైనా, తెర మీది అక్షరాల్ని పైకి చదివిపెట్టే స్క్రీన్ రీడర్‌తో వినేవాళ్ళకి కూడా, తెలిసి తీరాలి. చెప్పడానికి తేలిగ్గానే ఉంది. కూర్చుని ఆలోచిస్తే ఎక్కడెక్కడ కారుతోందో కనిపిస్తోంది, అందుకే ఇంత రాస్తున్నా.

ఊదారంగు గీతలు

గొడవ కొత్తదేం కాదు. 2001లో విండోస్ ఎక్స్‌పీ రావడానికి ముందు ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6 బీటాలో, అంటే ప్రయోగానికి వదిలిన వెర్షన్లో, మైక్రోసాఫ్ట్ స్మార్ట్ ట్యాగ్స్ అని ఒకటి పెట్టింది. మీరు ఎవరి సైటు చూస్తున్నా సరే, అందులో ఏదో కంపెనీ పేరో ఇంకోటో వస్తే బ్రౌజరు దాని కింద ఊదారంగు గీత గీసి తనకి నచ్చిన చోటికి దారి చూపిస్తుంది. రాసినవాడు పెట్టిన లింకు కాదు, చదివేవాడు అడిగిన లింకూ కాదు. వాల్ స్ట్రీట్ జర్నల్‌లో టెక్నాలజీ కాలమిస్టు వాల్ట్ మాస్‌బర్గ్ ఉతికి ఆరేశాడు, అందరూ గోల చేశారు, ఆ జూన్ నెల తిరక్కుండానే మైక్రోసాఫ్ట్ వెనక్కి తగ్గింది.

అందులో నాకు ఇప్పటికీ నవ్వొచ్చే విషయం, తప్పించుకోడానికి వాళ్ళు చూపించిన దారి. మీకిది వద్దనుకుంటే మీ పేజీ హెడ్‌లో ఎంఎస్ స్మార్ట్‌ట్యాగ్స్ ప్రివెంట్ పార్సింగ్ అని ఒక మెటా ట్యాగ్ (చదివేవాళ్ళకి కనిపించకుండా బ్రౌజరుకి మాత్రమే చెప్పే లైను) రాసుకోండి అన్నారు. మన ఊళ్ళో కాంపౌండ్ వాల్స్ మీద "ఇచ్చట నోటీసులు అంటించరాదు" అని ఓనరు సొంత డబ్బులతో, సొంత పెయింటరుతో రాయించుకుంటాడే, అచ్చం అదే. గోడ కట్టుకున్నవాడే వచ్చి వద్దని రాసుకోవాలి, రాయకపోతే ఒప్పుకున్నట్టే. రాసినా ఏమవుతుందో దిల్‌సుఖ్‌నగర్ నుంచి మలక్‌పేట దాకా ఒకసారి నడిస్తే తెలుస్తుంది, ఆ అక్షరాల మీదే కోచింగ్ సెంటర్ పోస్టర్ అంటించి ఉంటుంది.

తర్వాత 2005లో గూగుల్ వంతు. టూల్‌బార్ మూడో వెర్షన్ బీటాలో ఆటోలింక్ అని వచ్చింది. పేజీలో పుస్తకం ఐఎస్‌బీఎన్ నంబరుంటే అమెజాన్‌కి, అమెరికా అడ్రసుంటే మ్యాపుకి, పార్సిల్ నంబరుంటే ట్రాకింగుకి లింకులు వేసేది. ఇక్కడ నిజాయితీగా ఒప్పుకోవాల్సింది ఒకటుంది, అది తనంతట తాను వెయ్యదు, యూజర్ బటన్ నొక్కితేనే వేస్తుంది. నా లెక్క ప్రకారం అయితే అది పాసైపోవాలి. కానీ పుస్తకాలమ్ముకునే ఓ చిన్న షాపువాడి పేజీ తెరిచి బటన్ నొక్కితే అతను రాసుకున్న నంబరే అమెజాన్‌కి తలుపైపోతుంటే మాత్రం గొంతులో ఏదో అడ్డుపడుతుంది. అడిగింది నేనే, ఎక్కడికి పోవాలో డిసైడ్ చేసింది ఇంకెవరో. కాబట్టి బటన్ ఉంది కదా అని వదిలెయ్యలేం, ఆ బటన్ వెనక మనమేం అడుగుతున్నామో మనకి తెలుసా లేదా అన్నది కూడా చూడాలి.

సరే అవన్నీ పాత కథలు అనుకుంటే 2024 నవంబర్‌లో ఐఫోన్ గూగుల్ యాప్‌లో మళ్ళీ అదే. యాప్‌లోంచి ఏదైనా సైటు తెరిస్తే అందులోని పేర్లూ మాటలూ లింకులుగా మారి గూగుల్ సెర్చ్‌కి తీసుకుపోతాయి. వద్దనుకునే సైటు వాళ్ళు ఫారం నింపాలి, అది అమలు కావడానికి 30 రోజుల దాకా పట్టొచ్చట. 23 ఏళ్ళలో మెటా ట్యాగ్ ఫారం అయ్యింది, అంతే తేడా. కాకపోతే ఈసారి 2001లో జరిగినంత గోల జరగలేదు, మనం అలవాటు పడిపోయాం.

ఇక్కడిదాకా చదివి మీరు నాతో ఉన్నారనుకుంటే ఒక్క నిమిషం ఆగండి, ఎందుకంటే గోడ పోలిక తప్పు. గోడ ఒకటే ఉంటుంది, దాని మీద పోస్టర్ అంటిస్తే దారిన పోయేవాళ్ళందరికీ కనిపిస్తుంది. నా పేజీ అలా కాదు, సార్ తెరిచినప్పుడు సార్ ఫోన్లోకి ఒక కాపీ వెళ్తుంది, అక్కడ జరిగేది నా సర్వర్లో ఉన్నదాన్ని ముట్టుకోదు. గోడ కంటే పుస్తకం దగ్గరి పోలిక. అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద కొన్న పాత పుస్తకాలు నా దగ్గర చాలా ఉన్నాయి, ఒకదాంట్లో ముందెవరో పెన్సిల్‌తో ప్రతి పేజీలోనూ రచయితతో పోట్లాడారు. "అబద్ధం", "మళ్ళీ మొదలెట్టాడు", ఒకచోట ఉత్త ఆశ్చర్యార్థకం. నాకు ఆ పుస్తకం కంటే ఆ పెన్సిలే ఎక్కువిష్టం. ఆ రచయితకి హక్కుందా నువ్వు పెన్సిల్ పెట్టకు అనడానికి? లేదు. అలాంటప్పుడు నాకు మాత్రం ఎక్కడిది?

పద్మ పుణ్యం

అసలు వేరేవాళ్ళ పేజీని బ్రౌజర్లో మార్చడం పాపం అనుకుంటే తెలుగువాళ్ళం అందరికంటే పెద్ద పాపులం. 2007లో నేను బ్లాగు మొదలుపెట్టేనాటికి తెలుగు పేపర్ల సైట్లు ఎలా ఉండేవో కొత్తవాళ్ళకి చెప్పినా నమ్మరు. ఒక్కో పేపర్‌ది ఒక్కో ఫాంటు, ఒక్కో ఫాంటుది ఒక్కో లెక్క, అన్ని భాషలకీ అందరూ వాడే ఒకే లెక్క, యూనికోడ్, అన్నమాటే లేదు. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్లో అయితే ఫాంటు దానంతటదే దిగి తెలుగు కనిపించేది, నేనేమో విండోస్ బదులు ఉబుంటు వేసుకుని ఫైర్‌ఫాక్స్ వాడేవాణ్ణి, పేజీ తెరిస్తే ఇంగ్లీషు అక్షరాలకి నెత్తిన చుక్కలూ టోపీలూ పెట్టి ఎవరో గుప్పెళ్ళతో విసిరేసినట్టుండేది. సెర్చ్ చేద్దామంటే కుదరదు, ఒక వాక్యం కాపీ చేసి ఫ్రెండుకి పంపిస్తే వాడికి చెత్త పోయేది.

అప్పుడు పద్మ అని బ్రౌజరుకి తగిలించుకునే ఒక ఎక్స్‌టెన్షన్ దొరికింది. వేసుకుని పేజీ రీలోడ్ చేస్తే ఆ చెత్తంతా అక్షరం అక్షరం యూనికోడ్ తెలుగయిపోయింది. నాకింకా గుర్తు, రూమ్‌లో ముగ్గురం స్క్రీన్ చుట్టూ చేరి ఏదో మామూలు వార్త, నీళ్ళ ట్యాంకర్ల గురించో ఏదో, గట్టిగా పైకి చదివాం. ఆ పేపరు వాళ్ళ పర్మిషన్ పద్మ తీసుకుందా? వాళ్ళు పంపిన ఒక్క అక్షరం కూడా పంపినట్టు ఉంచలేదు కదా! పేజీలో మొత్తం టెక్స్టు మార్చేసింది. ఊదారంగు గీత కంటే వెయ్యి రెట్లు పెద్ద మార్పు. అయినా అది నాకు తప్పనిపించలేదు, ఇప్పుడూ అనిపించదు.

ఎందుకు అనిపించలేదు అంటే మొదట నేను చెప్పుకున్న జవాబు, వేసుకుంది నేను కాబట్టి అని. అది సగమే. ఇంకో సగం ఏంటంటే పద్మ అక్షరాలన్నీ మార్చింది గానీ మాట ఒక్కటీ మార్చలేదు. పేపరు వాళ్ళు ఏం చెప్పదలుచుకున్నారో అదే నాకు చేరింది. సార్ ఫోన్లో జరిగింది దీనికి పూర్తిగా అటువైపు, నా అక్షరం ఒక్కటి కూడా చెక్కుచెదరలేదు, కింద ఎక్కడో భద్రంగా మడిచిపెట్టి ఉంది, నేను చెప్పింది మాత్రం తిరగబడింది.

కాబట్టి ఎంత మార్చారు అని కొలవడం దండగ. మా నాన్న రెండు కళ్ళకీ శుక్లాలొచ్చి ఆపరేషన్‌కి ముందు ఆర్నెల్లు నల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద పసుపు అక్షరాలు ఇంతింత పెట్టుకుని చదివారు, ఏ డిజైనరైనా చూస్తే గుండె పట్టుకుంటాడు. నేను ముచ్చటపడి పెట్టుకున్న ఫాంటు, హంగులన్నీ తీసేసి చూపించే రీడర్ మోడ్‌లో ఎగిరిపోతుంది, పోనీ. హెచ్‌టీఎమ్‌ఎల్ (వెబ్ పేజీలు రాసే భాష) ఎలా తయారుచేయాలి అని వెబ్ ప్రమాణాలు రాసే డబ్ల్యూ3సి వాళ్ళు రాసుకున్న సూత్రాల్లో ఒకటి నాకు చాలా ఇష్టం: పేచీ వస్తే ముందు యూజర్లు, తర్వాత పేజీ రాసేవాళ్ళు, ఆ తర్వాతే బ్రౌజర్ తయారుచేసేవాళ్ళు. ఆ వరుస చూశారా, నేను రెండో స్థానంలో ఉన్నా, అది న్యాయమే. నాన్న పసుపు అక్షరాలకి నేను దారివ్వాలి. ఇక్కడ సారాంశం డబ్బా పెట్టింది మాత్రం మూడో వరుసలోవాడు, ఒకటో వరుసవాడి పేరు చెప్పుకుని రెండోవాణ్ణి పక్కకి నెట్టి కూర్చున్నాడు.

దానికి వాళ్ళు ఏమంటారో తెలుసు. యూజర్లకి కావాలి కాబట్టే పెట్టాం, వద్దంటే సెట్టింగ్స్‌లో తీసేసుకోవచ్చు అంటారు. సార్ ఫోన్లో ఆ సెట్టింగు వెతికాం ఇద్దరం కూర్చుని. సాఫ్ట్‌వేర్‌లో ఇన్నేళ్ళు వెలగబెట్టిన నాకు మెనూ లోపల మెనూ లోపల మెనూ దాటి అది దొరకడానికి చాయ్ చల్లారిపోయింది. సార్ నింపాదిగా అన్నారు, "ఇది పెట్టుమని నేనెప్పుడన్నా?" అని. దానికి నా దగ్గర జవాబు లేదు.

నాయనమ్మ కాలం చేసింది

నాకు బాగా కష్టమైన కేసు అనువాదం. రెండేళ్ళ కిందట మా నాయనమ్మ గురించి ఒక పోస్టు రాశా. డాలస్‌లో మా అన్నయ్య కొడుకున్నాడు, తెలుగు మాట్లాడతాడు గానీ చదవలేడు. వాడి బ్రౌజరు పేజీ తెలుగులో ఉందని పసిగట్టి ఇంగ్లీషులోకి మార్చి చూపించింది, వాడు మొత్తం చదివాడు, చదివి ఫోన్ చేశాడు. నిజం చెప్తున్నా, నా బ్లాగు మా వంశంలో తర్వాతి తరం మనిషి ఒకడు చదివాడన్న సంతోషం ముందు నా సిద్ధాంతాలన్నీ గాలికిపోయాయి.

"బాబాయ్, నానమ్మ చివర్లో నీకోసం టైమ్ ఇచ్చింది అని రాశావు కదా, అది చాలా బాగుంది" అన్నాడు.

నేనెప్పుడు రాశానా అని చూసుకుంటే, నేను రాసింది "ఆ ఎండాకాలంలోనే నాయనమ్మ కాలం చేసింది" అని. వాడికి కనిపించింది గ్రాండ్‌మదర్ మేడ్ టైమ్. చనిపోయిన మనిషి వాడి కాపీలో తీరిక చేసుకుని నా పక్కన కూర్చుంది. వాడికి ఆ తర్వాతి పేరాలు కొంచెం అయోమయంగా అనిపించాయట గానీ బాబాయ్ కవిత్వం ఏదో రాశాడులే అనుకున్నాడు.

నేను దిద్దలేదు వెంటనే. కాసేపు అలా ఉండనిద్దాం అనిపించింది, అది వేరే సంగతి.

ఇప్పుడు దీన్ని ఎందులో వెయ్యాలి? మాట మారింది, పద్మలా కాదు. వాడు ప్రత్యేకంగా అడగలేదు, దానంతటదే జరిగింది. నా లెక్క ప్రకారం రెండు చోట్లా ఫెయిల్. అయినా ఇది సార్ ఫోన్లో జరిగినంత తప్పుగా నాకు అనిపించట్లేదు. ఎందుకో ఆలోచిస్తే, మా వాడికి అది అనువాదం అని తెలుసు. పైన పట్టీ ఉంది, తెలుగు నుంచి ఇంగ్లీషుకి అని. వింతగా ఏదైనా కనిపిస్తే తప్పు మెషీన్‌ది అయ్యుండొచ్చన్న అనుమానం మనసులో ఓ మూల ఉంటుంది. సార్‌కి అసలు అనుమానించడానికే సందు లేదు, తెలుగు పేజీలో తెలుగు వాక్యం, నా పేరు కింద. అడక్కపోవడం కంటే సంతకం లేకపోవడం పెద్ద తప్పని నాకు ఇక్కడే మెల్లగా తెలిసొచ్చింది. మొదట్లో రెండూ సమానం అనుకున్నా.

కొల్చారం వైపు

సాయంత్రం మళ్ళీ సార్ దగ్గరికెళ్ళి ఇదంతా చెప్పా. ఆయన నెమ్మదిగా విని, "మాది కొల్చారం దిక్కే, తెలుసునా?" అన్నారు. తెలీదన్నా. "మల్లినాథసూరిది ఆ ఊరే. కాళిదాసుకు టీక రాసినాయన." అది తెలుసు, ఆ ఊరిది అని తెలీదు. మెదక్ పక్కనుంచి ఎన్నిసార్లు వెళ్ళానో.

ఆయన చెప్పింది నా మాటల్లో చెప్తా. మల్లినాథుడు తన టీకకి సంజీవని అని పేరెందుకు పెట్టాడంటే, కాళిదాసు వాక్కు చెడ్డ వ్యాఖ్యానాల విషానికి మూర్ఛపోయి పడుందట, దాన్ని బతికించడానికట. దుర్వ్యాఖ్యా విషం అని ఆయన వాడిన మాట, సార్ రెండుసార్లు పలికారు నాకోసం. ఇంకా, మూలంలో లేనిది రాయను, అక్కర్లేనిది చెప్పను అని ముందే ఒట్టేసుకున్నాడు. 14, 15 శతాబ్దాలనాటి మనిషి. అన్నిటికంటే ముఖ్యం, టీక ఎక్కడ మొదలవుతుందో శ్లోకం ఎక్కడ ఆగుతుందో తెలుస్తుంది. ఇన్ని వందల ఏళ్ళుగా ఇద్దర్నీ కలిపే చదువుతున్నా కాళిదాసు ఏదన్నాడో మల్లినాథుడు ఏదన్నాడో ఎవరూ పొరబడలేదు.

"భాగవతం చూడు" అన్నారు సార్. పోతన పుస్తకంలో శిథిలమైన భాగాలు వేరేవాళ్ళు పూరించారు, గంగన ఒక స్కంధం, సింగన ఒకటి, నారయ చివరివి. వాక్యాల మధ్య గీతలు కాదు, ఏకంగా స్కంధాలకి స్కంధాలే! అయినా ఎవరూ మోసం అనలేదు, స్కంధం చివర గద్యలో ఇది ఫలానావాడు రాసిందని పేరు చెప్పుకున్నారు కాబట్టి. అదే వేమన్నకి ఏమయ్యిందో చూడండి. మూడు లైన్లు సొంతంగా కట్టి నాలుగో లైను "విశ్వదాభిరామ వినుర వేమ" అని తగిలిస్తే అది వేమన పద్యమైపోయింది, బ్రౌన్ దొర పోగేసిననాడే కలగాపులగం, ఏది ఆయనదో ఏది కాదో ఇవాళ్టికీ తేలలేదు. దాన్ని ప్రక్షిప్తం అంటారు, టీక అనరు.

నా ఫిర్యాదు మొత్తానికి ఇంతకంటే మంచి మాట దొరకలేదు నాకు. నా హెడ్డింగు కింద, నా పేరు కింద, నా ఫాంటులో మూడు లైన్లు పెట్టడం వినుర వేమ తగిలించడమే. నా పేరే ఇక్కడ మకుటం. ఆ డబ్బా వేరే రంగులో పక్కన ఉండి "ఇది బ్రౌజరు తయారుచేసిన సారాంశం, తప్పులుండొచ్చు" అని మొదటి లైనులో చెప్పుంటే ఈ పోస్టు ఉండేది కాదు. మూలన చీమంత గుర్తు పెట్టడం సంతకం కాదు. ఇన్సూరెన్సు కాగితం వెనక సన్నక్షరాల్లాంటిది.

మరి టీక అంటే అంతా మంచేనా, కాదు. వెబ్ పుట్టిన కొత్తలోనే, 1993లోనే, మొజాయిక్ బ్రౌజర్లో పేజీల మీద నోట్స్ రాసుకునే ఏర్పాటుండేది. 1999లో థర్డ్ వాయిస్ అని వచ్చింది, ఎవరి సైటు మీదైనా ఎవరైనా నోట్ అంటించొచ్చు, ఆ సాఫ్ట్‌వేర్ ఉన్నవాళ్ళందరికీ కనిపిస్తుంది, సైటు వాళ్ళు గగ్గోలు పెట్టారు, 2001కల్లా మూతపడింది. జీనియస్ అనే కంపెనీ వాళ్ళు అలాంటిదే పెడితే 2016లో తమ వ్యక్తిగత విషయాలు రాసుకునే ఆడవాళ్ళు అడిగారు, కామెంట్లు మూసేసుకున్నా నా పేజీ మీదే నన్ను తిట్టే సౌకర్యం ఎవరికి కావాలి అని. ఆ కోపం న్యాయమైందే. ఇక్కడ సంతకం ఉంది, ఎవరు రాశారో తెలుసు, అయినా బాధే. 2017లో డబ్ల్యూ3సి వెబ్ అనొటేషన్‌కి ఒక ప్రమాణం తెచ్చింది, అందులో వ్యాఖ్య వేరేచోట విడిగా ఉంటుంది, ఏ పేజీలో ఏ వాక్యం గురించో చూపిస్తుంది, మూలాన్ని ముట్టుకోదు. ఇంజినీరుగా అది నాకు నచ్చుతుంది. తిట్లు తిన్న మనిషికి ఆ తిట్లు వేరే సర్వర్లో ఉన్నాయంటే ఏం ఒరుగుతుందో నాకు తెలీదు.

తాళంచెవి

యాడ్ బ్లాకర్ల గురించి అడుగుతారని తెలుసు, తొందరగా ముగిస్తా. యూజర్ వేసుకుంటే యూజర్ ఇష్టం. నా బ్లాగులో కూడా ఓ నాలుగేళ్ళు యాడ్స్ పెట్టా, మొత్తం మీద రెండు ఇరానీ చాయ్‌లూ ఒక ఉస్మానియా బిస్కెట్టూ వచ్చుంటాయి, కాబట్టి నా త్యాగం పెద్దదేం కాదు. దాని మీద బతికేవాళ్ళ బాధ వేరు. జర్మనీలో యాక్సెల్ స్ప్రింగర్ అనే పత్రికల కంపెనీ కోర్టుకెక్కితే 2018లో అక్కడి పెద్ద కోర్టు యాడ్ బ్లాకర్ అన్యాయమైన పోటీ కిందికి రాదంది. కాపీరైట్ కింద వేసిన ఇంకో కేసు అక్కడితో ఆగలేదు, అది ఇంకా నడిచింది.

అలాగే దొంగ సైటు తెరిస్తే వచ్చే ఎర్ర పేజీ. నాన్నకి ఒకసారి కరెంటు బిల్లు కట్టలేదు రాత్రికి పీకేస్తాం అని మెసేజ్ వస్తే ఆ లింకు నొక్కారు, ఎర్ర పేజీ అడ్డం పడి కాపాడింది. ఎవరూ అడగలేదు, పేజీ మొత్తం మింగేసింది, నాకు దండం పెట్టాలనిపించింది. ఎర్ర పేజీ చూసి ఇది ఆ సైటువాడు పెట్టాడని ఎవరూ అనుకోరు. బ్రౌజరు బ్రౌజరుగానే, తన గొంతుతోనే కేకేసింది.

ఇంకొకటి మాత్రం మనవాళ్ళు మర్చిపోకూడదు. 2015లో ఎయిర్‌టెల్ 3జీలో పేజీలు తెరుస్తుంటే మధ్యలో ఒక స్క్రిప్టు, అంటే చిన్న ప్రోగ్రాం ముక్క, దూరుతోందని బెంగళూరులో ఒక ప్రోగ్రామరు పట్టుకుని, కోడ్ పంచుకునే గిట్‌హబ్‌లో పెట్టాడు. డేటా వాడకం కస్టమర్లకి తెలియడానికని కంపెనీ చెప్పింది, ఆ స్క్రిప్టు తాలూకు ఫ్లాష్ నెట్‌వర్క్స్ అనే సంస్థ ఆ ప్రోగ్రామరుకే లీగల్ నోటీసు పంపింది. అప్పట్లో అందరం చొక్కాలు చింపుకున్నాం. ఆ తర్వాత దాదాపు సైట్లన్నీ హెచ్‌టీటీపీఎస్‌కి మారాయి, దారిలో ఎవరూ చెయ్యి పెట్టడానికి లేకుండా తాళం పడింది, సమస్య తీరిందనుకున్నాం. కానీ ఆ తాళం తెరుచుకునేది బ్రౌజర్లోనే కదా. దారిలో పదిమంది దొంగలుంటే వాళ్ళని తప్పించి, సామాను మొత్తం ఒక్క వాచ్‌మన్ చేతిలో పెట్టాం. నా సర్వర్‌కీ సార్ కళ్ళకీ మధ్య ఇప్పుడు ఉన్నది అదొక్కటే. టెలికాం కంపెనీ చేస్తే ఇంజెక్షన్ (దొంగచాటుగా కోడ్ ఎక్కించడం) అని తిట్టినదాన్ని బ్రౌజరు చేస్తే ఫీచర్ అంటున్నాం, చూసే మనిషి ముందు జరుగుతున్నది రెండు చోట్లా ఒకటే.

పైగా ఇప్పుడు రాసేవాడికి తెలిసే దారి కూడా లేదు. 2001లో ఆ ఊదారంగు గీత నా కంప్యూటర్లోనూ కనిపించేది, కోపం తెచ్చుకోవడానికి వీలుండేది. ఈ సారాంశం నా ఫోన్లో రాదు. సార్ లిఫ్టు దగ్గర నిలదియ్యకుండా మనసులోనే పెట్టుకునుంటే నాకు ఈ జన్మకి తెలిసేది కాదు, ఇంకెంతమంది నన్ను పార్కింగ్ పార్టీ అనుకుంటున్నారో. అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో అయితే నిన్న ఒకాయన నాకు థంబ్స్ అప్ కొట్టాడు, ఆయన పార్కింగ్ కావాలన్న బ్యాచ్.

సార్ ఫోన్లో సెట్టింగు తీసేశాం కానీ ఆయనకి ఇప్పుడు ఫోన్లో ఏది చదివినా అనుమానమే. "కాయితం మీద తెచ్చియ్యి" అన్నారు. కాలనీ గేటు దగ్గర జిరాక్స్ షాపులో పోస్టు మొత్తం ప్రింట్ తీయించి సోమవారం ఇచ్చా. బుధవారం తలుపు కొట్టి తిరిగిచ్చారు. పక్కన ఖాళీలో అంతా నీలం పెన్ను, గుండ్రటి అక్షరాలు, మూడుచోట్ల వత్తులు దిద్దారు, ఒకచోట వాక్యం పొడుగైంది అని రాశారు. తోక తగిలిస్తే పార్కింగ్ అన్న వాక్యం కింద గీత గీసి "వ్యాజస్తుతి. గుర్తుపట్టవలసినది" (పొగుడుతున్నట్టు తిట్టడమన్నమాట) అని రాసి దాని పక్కన తన సంతకం పెట్టారు. నాలుగో పేజీలో, గేటు పక్క వేపచెట్టు గురించి నేను కరిగిపోయి రాసిన పేరా దగ్గర, "వేప కాదు. కానుగ. పొద్దున పోయి చూడు."

వెళ్ళి చూశా. కానుగే.